వంత ఆగిన చోట: ఒక తొలి ఆల్బమ్ రికార్డింగ్ కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆ గాయని ఒప్పుకుంది. రాసింది ముందుగా చదివింది కూడా. ఆమె ఊరు, పాటల పేర్లు, విడుదల వివరాలు, అంతకుముందు పనిచేసిన స్టూడియో ఏదో తెలిసే ఆనవాళ్లు వదిలేశాను. నేను హైదరాబాద్‌లో రికార్డింగ్ ఇంజనీరుని, మ్యూజిక్ ప్రొడ్యూసర్‌ని. పల్లె బాణీల్లో పెరిగి గిటారు పట్టుకుని సొంత పాటలు కట్టుకుంటున్న పిల్లలు ఇప్పుడు చాలామంది స్టూడియోలకు వస్తున్నారు. వాళ్లతో కూర్చునే తోటి ఇంజనీర్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేపథ్యం

గాయనిది ఉత్తర తెలంగాణ పల్లె. చిన్నప్పటి నుంచి అమ్మమ్మ వెంట నాట్లకు, బతుకమ్మకు పోయి పాటలు నేర్చుకుంది. గిటారు కాలేజీలో పట్టింది. మాట, బాణీ రెండూ తనవే. రెండు పాటలకు మాత్రం అమ్మమ్మ పాడిన నాట్ల పాట బాణీ తీసుకుని కొత్త మాటలు కట్టింది. లామకాన్ లాంటి చిన్న వేదికల మీద ఒక్కతే గిటారుతో పాడితే జనం కదలకుండా వినేవాళ్లు.

తెలుగులో ‘ఫోక్ సాంగ్’ అనగానే యూట్యూబ్ శ్రోతకు గుర్తొచ్చే శబ్దం ఒకటుంది. రిథమ్ ప్యాడ్ మీద కట్టిన డప్పు దరువు, కీబోర్డు, సరిచేసిన గొంతు, వీడియోలో డ్యాన్స్. ఆ రకానికి పెద్ద మార్కెట్ ఉంది, అందులో మంచి పాటలూ ఉన్నాయి. ఈ అమ్మాయి కోరుకున్నది అది కాదు. గొంతు, గిటారు, అవసరమైన చోట ఒకటి రెండు వాయిద్యాలు, అంతే. అయినా ముందు ఆమె వెళ్లిన స్టూడియోలో పని అలవాటైన దారిలోనే నడిచింది. మెట్రోనోమ్ క్లిక్ (చెవిలో ఒకే వేగంతో కొట్టే టిక్ శబ్దం) పెట్టి గిటారు రికార్డు చేశారు. దాని మీద గొంతు విడిగా తీసుకున్నారు. తర్వాత పిచ్ కరెక్షన్ (సాఫ్ట్‌వేర్‌తో స్వరాన్ని సరిదిద్దడం), దాని మీద ప్యాడ్లు. సగం ఆల్బమ్ అయ్యేసరికి ఆమె ఆపేసింది.

సమస్య

నా దగ్గరికి రెండు ఫోల్డర్లు తెచ్చింది. ఒకదాంట్లో స్టూడియో మిక్సులు, ఇంకోదాంట్లో ఫోన్‌లో ఇంటి దగ్గర తీసుకున్న డెమోలు. “గిది నా పాట లెక్కనే లేదన్నా. తప్పెక్కడుందో నాకు తెలుస్తలేదు,” అంది.

రెండూ విన్నాను. ఆమె మాట నిజం. ఫోన్ డెమోల్లో ఫ్యాను హోరు ఉంది, కుక్క అరుపు ఉంది, గిటారు తీగ ఒకటి శ్రుతి తప్పింది. అయినా విడిచిపెట్టి లేవలేం. స్టూడియో మిక్సుల్లో ఎత్తి చూపడానికి ఏ లోపమూ లేదు, కానీ రెండో చరణానికి మనసు పక్కకు పోతోంది. ఆమె అప్పటికే తనకొక నిర్ధారణ చేసుకుంది: “నాకు తాళం నిలవదు, స్వరం కూడా కొంచెం కిందికి పోతది.” ముందు స్టూడియోలో అలా చెప్పారట.

ఆ నిర్ధారణను నేను పక్కన పెట్టాను. తాళం నిలవని మనిషి గుంపు ముందు ఒంటరిగా పాడితే జనం తల ఊపలేరు. ఆమె పాడుతుంటే ఊపుతున్నారు. అంటే కొలత ఎక్కడో ఉంది, మనం కొలిచే బద్ద వేరే అయ్యుండాలి.

ముందు అనుమానించినవి

మొదటి అనుమానం లౌడ్‌నెస్ మీద. దాన్ని ఎల్‌యూఎఫ్‌ఎస్‌లో కొలుస్తారు, అంకె సున్నాకు దగ్గరైన కొద్దీ పాట గట్టిగా వినబడుతుంది. పాత మిక్సులు మైనస్ 8 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరకు నొక్కి ఉన్నాయి. స్పాటిఫై మామూలుగా మైనస్ 14కి, ఆపిల్ మ్యూజిక్ మైనస్ 16కి సర్దుతాయి. అంత గట్టిగా నొక్కిన పాటను అవి ఎలాగూ తగ్గిస్తాయి. అప్పుడు పాటకు గట్టితనమూ మిగలదు, ఎత్తుపల్లాలూ మిగలవు. శబ్దం పై అంచును నొక్కే లిమిటర్ తీయించి, విడివిడి ట్రాకులు తెప్పించుకుని సాదాగా మిక్స్ చేశాను. మెరుగైంది, కానీ జబ్బు పోలేదు.

తర్వాత పిచ్ కరెక్షన్ తీసేసి విన్నాను. కొంత ప్రాణం వచ్చింది, దాంతోపాటు కొత్త చిక్కూ వచ్చింది: కొన్ని చోట్ల గొంతుకీ గిటారుకీ నిజంగానే పడటం లేదు. కరెక్షన్ ఎందుకు వేశారో అప్పుడు అర్థమైంది. దీని సంగతి కింద చెబుతాను.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. ఉన్న ట్రాకులనే బాగు చేయడమా, మొదటి నుంచి రికార్డు చేయడమా? ఆమె డబ్బు అప్పటికే చాలా ఖర్చయింది, మొదటిదే చవక. కానీ జబ్బు ఏమిటో తెలియకుండా ఏ దారి పట్టినా ఆ డబ్బూ పోతుంది. అందుకని బిల్లు లేకుండా ఒక పూట పరీక్షకు పెట్టుకుందాం అన్నాను.

పరీక్ష

నాట్ల పాట బాణీలో కట్టిన పాట ఒకటి తీసుకున్నాం. దాన్ని మూడు రకాలుగా పాడించాను. గిటారుతో, క్లిక్ లేకుండా. క్లిక్‌తో. గిటారు పక్కన పెట్టి చప్పట్లతో. ఒక్కో రకానికి చాలా టేకులు తీసుకుని, సాఫ్ట్‌వేర్‌లో అక్షరం అక్షరం ఒకదాని కింద ఒకటి పేర్చి చూశాను.

నేను వెతికింది ఒక్కటే. తేడా ప్రతి టేకులో ఒకే చోట వస్తోందా, ఒక్కోసారి ఒక్కో చోట వస్తోందా? తడబాటు చోటు మారుస్తుంది. అనుకుని చేసేది, లేదా ఒంట్లో ఇంకిపోయినది, చోటు మార్చదు. మనిషి పొరపాటున ఒకే అక్షరం దగ్గర ఒకే మేర పదే పదే ఆలస్యం చేయడు.

తేడా ఒకే చోట వచ్చింది. పాట తిశ్ర నడక, అంటే 6/8. ప్రతి పాదం చివరి మాట తర్వాత ఆమె సుమారు అర దరువు, అంటే ఆరు మాత్రల్లో మూడు, ఎక్కువ ఆగుతోంది. క్లిక్ లేని టేకులన్నింటిలో, చప్పట్ల టేకుల్లో కూడా. చప్పట్లు కొడుతున్నప్పుడైతే చేతులు కూడా ఆ మేర ఆగి మళ్లీ మొదలవుతున్నాయి. క్లిక్ పెట్టగానే ఆ విరామం మాయమై, తర్వాతి పాదం మొదటి అక్షరాన్ని తొందరగా, సగం ఊపిరితో అందుకుంటోంది. పాత మిక్సుల్లో విని నేను ‘నీరసం’ అనుకున్నది ఈ సగం ఊపిరే.

ఆ విరామం ఎక్కణ్ణుంచి వచ్చింది? అమ్మమ్మ పాడిన పాట ఏదైనా ఫోన్‌లో ఉందా అని అడిగాను. ఉంది. పొలంలో తీసింది. పెద్దావిడ పాదం ఎత్తుకుంటుంది. మిగతా ఆడవాళ్లు చివరి మాటను వంతగా అందుకుంటారు. వాళ్లు ఆ మాటను సాగదీస్తుండగా ఆమె ఊపిరి తీసుకుని, వంత పూర్తిగా తెగకముందే తర్వాతి పాదం ఎత్తుకుంటుంది. రెండు రికార్డింగులూ పక్కపక్కన పెట్టి విన్నాం. మనవరాలు ఆగుతున్నది సరిగ్గా వంత వచ్చే చోట. వంత పాడేవాళ్లు లేరు. వాళ్లకు వదిలిన చోటు మాత్రం గొంతులో ఉండిపోయింది. అది విన్నాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అంటే నేను తాళం తప్పుతలేనా?” అంది.

తప్పడం లేదు. ఆ విరామం పాట కట్టుబడిలో భాగం. దాన్ని కోసేసిన రికార్డింగులో ఎంత మంచి మైకు పెట్టినా పాట నిలవదు. ఆల్బమ్ మొదటి నుంచి చేయాలని అప్పుడు తేల్చుకున్నాను.

పని చేయనివి

విరామాన్ని క్లిక్‌లోకే తేవచ్చు కదా అన్నది సహజమైన ఆలోచన. ఆమె మంచి టేకు ఒకటి తీసుకుని, దాని నడక ప్రకారం క్లిక్ వేగం సాగి, తగ్గే టెంపో మ్యాప్ తయారుచేశాను. పేరుకు అది ఆమె సొంత నడకే. కానీ హెడ్‌ఫోన్స్‌లో అది వినబడగానే ఆమె దాన్ని వెంబడించడం మొదలుపెట్టింది. నిన్నటి తన ఊపిరిని ఈ రోజు తానే అనుకరిస్తోంది. వదిలేశాం.

ప్రతి పాదం చివర ఒక 3/8 బార్ కలిపి నొటేషన్ రాశాను. గాయనికి ఇది ఏమీ సాయపడలేదు. బేస్ గిటారు వాయించే అబ్బాయికి మాత్రం ఎంతో సాయపడింది. పాట ఎక్కడ ఆగుతుందో కాగితం మీద చూడగానే అతని భయం పోయింది. ఆ కాగితాన్ని చివరి దాకా వాడాం.

గాంధారం దగ్గర పేచీ

పిచ్ సంగతికి వస్తాను. అదే పరీక్ష స్వరానికీ పెట్టాను. ఆమె ‘కిందికి పోతున్నది’ ఎక్కువగా ఒకే స్వరం మీద, అంతర గాంధారం (మేజర్ కార్డులో వినిపించే ‘గ’) మీద. అదీ ప్రతి టేకులో.

దీనికి కారణం గిటారు మెట్లలో (ఫ్రెట్లలో) ఉంది. గిటారు మెట్లు సమాన విభజన మీద కడతారు. షడ్జం నుంచి అంతర గాంధారానికి అందులో 400 సెంట్లు (స్వరాల మధ్య దూరానికి కొలత, పక్కపక్క మెట్ల మధ్య 100). శ్రుతి ఒక్కటే మోగుతుండగా చెవి ఇష్టపడే సహజ గాంధారం 5:4 నిష్పత్తి, అంటే దాదాపు 386 సెంట్లు. తేడా 14 సెంట్లు. వినడానికి చిన్నదే కానీ సాగదీసిన స్వరం మీద స్పష్టంగా తెలుస్తుంది. మెట్లు లేకుండా, తోటివాళ్ల గొంతులనే శ్రుతిగా పెట్టుకుని పాడి పెరిగిన మనిషి ఆ సహజ స్థానం వైపే మొగ్గుతుంది. గిటారు మీద మేజర్ కార్డు మీటగానే అందులో గాంధారం పైన మోగుతుంది, గొంతు కింద నిలుస్తుంది. పేచీ అక్కడ. పిచ్ కరెక్షన్ గొంతును పైకి లాగి గిటారుతో కలిపింది. పాటలో అన్నిటికన్నా తియ్యగా ఉండాల్సిన స్వరం ఆ లాగుడుతో చప్పబడింది.

గొంతును గిటారు దగ్గరికి తేవడం కన్నా గిటారును గొంతుకు దారి ఇచ్చేలా చేయడం మేలనిపించింది. ఆమెకు డాడ్‌గాడ్ ట్యూనింగ్ నేర్పాను. ఆరు తీగలు వరుసగా డి, ఎ, డి, జి, ఎ, డి. బ్రిటిష్ గిటారిస్టు డేవీ గ్రాహమ్ 1960ల మొదట్లో మొరాకోలో ఊద్ వాయించేవాళ్లతో కలిసి వాయించడానికి ఈ దారి పట్టాడని చెబుతారు. ఇందులో తెరిచిన తీగల మీద గాంధారమే లేదు. షడ్జం, పంచమం, మధ్యమం మోగుతుంటాయి, గాంధారం గొంతు ఇష్టం. ఐదో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ కలిపి నొక్కే క్లిప్పు) పెడితే శ్రుతి జి అవుతుంది, ఆమె గొంతుకు సరిపోయే ఐదో శ్రుతి. కార్డులు మార్చే చోట కూడా గాంధారం పడే తీగను వదిలేసి మీటమన్నాను.

నేర్చుకోవడానికి ఆమెకు కొన్ని వారాలు పట్టింది. అలవాటైన కార్డు ఆకారాలన్నీ పోతాయి, వేళ్లు మళ్లీ మొదటికి వస్తాయి. ఆ మధ్యలో రికార్డింగ్ పెట్టవద్దని నేనే పట్టుబట్టాను. వేళ్ల మీద ధ్యాస ఉన్నంతకాలం గొంతు మీద ఉండదు.

రికార్డు చేసిన తీరు

క్లిక్ లేదు, హెడ్‌ఫోన్స్ లేవు, గొంతు, గిటారు కలిసే. దీనికి మైకులు జాగ్రత్తగా పెట్టాలి. రెండూ ఒకే గదిలో మోగితే ఒకదాని మైకులో ఇంకొకటి దూరుతుంది. రెండూ కలిపినప్పుడు ఫేజ్ తేడాతో (ఒకే శబ్దం రెండు మైకులకు వేర్వేరు క్షణాల్లో చేరడంతో) శబ్దం డొల్లగా అవుతుంది. నేను రెండు ఫిగర్-8 మైకులు వాడాను. ఈ రకం మైకు ముందూ వెనకా వింటుంది, పక్కల నుంచి వచ్చేది దాదాపు వినదు. గొంతు మైకు పక్క భాగం గిటారు వైపు, గిటారు మైకు పక్క భాగం నోటి వైపు తిరిగేలా పెట్టి, ఆమె కుర్చీ ఎత్తు కూడా సర్దాను. ఒక చేయి మందం కదిలినా తేడా తెలుస్తుంది. కాబట్టి కుర్చీ కాళ్ల చోట నేల మీద టేపు వేశాం. వెనక నుంచి వచ్చే ప్రతిధ్వని తగ్గించడానికి మైకుల వెనక మందపాటి బొంతలు వేలాడదీశాను.

ఈ పద్ధతి తీసుకుంటే కొన్ని సౌకర్యాలు వదులుకోవాలి. ఒక మాట సరిగ్గా రాకపోతే ఆ మాటే మళ్లీ తీసుకోలేం. పిచ్ కరెక్షన్ వేయలేం, గొంతు మైకులో గిటారు కొంచెమైనా ఉంటుంది కదా. ఆమెకు ముందే ఇది చెప్పాను: నచ్చిన టేకు మొత్తం తీసుకుంటాం, అతుకు వేయాల్సి వస్తే చరణం ముగిసి తీగల మోత పూర్తిగా ఆగిన చోటే వేస్తాం. ఈ షరతు ఆమెను భయపెట్టలేదు. వేదిక మీద పాడే మనిషికి అదే అలవాటు.

బేస్, డప్పు తర్వాత ఎక్కించాం. క్లిక్ లేని పాట మీద తర్వాత వాయించడం కష్టం, ఎక్కడ ఎత్తుకుంటుందో చెవికి ముందుగా తెలియదు. దీనికి ఒక చిన్న ఉపాయం బాగా పనిచేసింది. ప్రతి టేకునీ ఫోన్ కెమెరాతో వీడియో తీశాం. వాయించేవాళ్లు ఆ వీడియో చూస్తూ వాయించారు. ఊపిరి తీసుకునేటప్పుడు భుజం లేస్తుంది, దాని వెంటే పాట పాదం వస్తుంది. బేస్ అబ్బాయి రెండో పాటకల్లా కాగితం మానేసి భుజాన్నే చూస్తున్నాడు.

డప్పు గురించి రాయాల్సింది ఉంది. డప్పు బయట వాయించడానికి పుట్టిన వాయిద్యం. చిన్న గదిలో గిటారు పక్కన అది మోగితే ఇంకేమీ వినబడదు. మైకు దూరం జరిపినా, ఫేడర్ తగ్గించినా దెబ్బ బలం గుణంలోనే ఉంటుంది. దూరంగా వినబడే పెద్ద దెబ్బ, దగ్గర వినబడే చిన్న దెబ్బ ఒకటి కావు. వాయించే పెద్దాయన్నే అడిగాం. ఆయన సిర్ర (మందపాటి పుల్ల) పక్కన పెట్టి, సన్నటి సిటికెన పుల్లతో, వేళ్లతో మాత్రమే వాయించాడు. మాకు కావలసిన శబ్దం అదే. అది వానాకాలం. “తేమకు తోలు దిగుతది సార్, కాపాలె,” అన్నాడు. స్టూడియోలో మంట పెట్టలేం కాబట్టి మిద్దె మీద కాగితాలు కాల్చి డప్పు కాచుకొచ్చి, నాదం దిగేలోపు ఒక పాట తీసుకునేవాళ్లం. రికార్డింగ్ వేళలన్నీ ఆయన చేతి ప్రకారం మార్చుకున్నాం.

అమ్మమ్మ బాణీ ఉన్న రెండు పాటల్లో ఒకదానికి నిజంగానే వంత పెట్టాం. ఊరి నుంచి ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. రెండోదాంట్లో ఖాళీ ఖాళీగానే ఉంది. అది గాయని నిర్ణయం. రెండూ వరుసగా వింటే మొదటి పాటలో వంత విన్న చెవి రెండోదాంట్లో దానికోసం ఎదురుచూస్తుందని ఆమె వాదన. విన్నాక ఒప్పుకున్నాను, ఆల్బమ్‌లో అవి అదే వరుసలో ఉన్నాయి.

మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరి సర్దుబాటు) సుమారు మైనస్ 15 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర ఆపాం, ట్రూ పీక్ (శబ్దం చేరే అత్యధిక స్థాయి) మైనస్ 1 డెసిబెల్. ఎత్తుపల్లాలు తగ్గించే కంప్రెసర్ గొంతు మీద చాలా తక్కువ.

మినహాయింపు

ఒక ప్రేమ పాట ఈ పద్ధతికి లొంగలేదు. అది గిటారు కార్డుల మీద పుట్టిన పాట, సాదా 4/4. క్లిక్ తీసేస్తే నడక ప్రతి టేకులో వేరే చోట జారింది. పరీక్ష చెప్పిన ప్రకారం అది తడబాటే. ఆ పాటకు క్లిక్ పెట్టాం, గిటారు ముందు, గొంతు తర్వాత తీసుకున్నాం, మామూలు ట్యూనింగ్‌లో. రెండు చోట్ల స్వరం కూడా కొంచెం సరిదిద్దాను. బాగా వచ్చింది. క్లిక్ వద్దనే వాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించనిది ఇందుకే. పాట ఏ పని వెంట, ఏ వాయిద్యం వెంట పుట్టిందో అడగాలి. మట్టిలో వంగి నాటు వేస్తూ కట్టిన బాణీకీ, గదిలో కార్డులు మార్చుతూ కట్టిన బాణీకీ కాలాన్ని కొలిచే తీరు వేరు.

హక్కులు

సాంకేతిక విషయాల కన్నా ఎక్కువ తర్జనభర్జన ఇక్కడే జరిగింది. మన జానపదాల మీద ‘ఈ పాట ఎవరిది’ అన్న గొడవలు గత కొన్నేళ్లలో చాలానే చూశాం.

ఆమె సొంత పాటలకు చిక్కు లేదు. మాటకీ బాణీకీ రచయిత తానే, గీత రచయితగా, స్వరకర్తగా, వాళ్ల రాయల్టీ వసూలు చేసే సంస్థ ఐపీఆర్ఎస్‌లో చేరమన్నాను. 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టంలో రచయితకు వచ్చే రాయల్టీ వాటాను ఒప్పందంలో వదులుకోమని రాయించుకున్నా చెల్లదు. తొలి ఆల్బమ్ చేసే వాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు తెలిసి ఉండాలి.

అమ్మమ్మ బాణీల విషయంలో, పాటలను స్పాటిఫై లాంటి వాటికి చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఫారంలో స్వరకర్త పేరు ఆమెదే వేయమని ఒకరిద్దరు మిత్రులు సలహా ఇచ్చారు. ఎవరూ అడగరు అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. మాటలు తనవి, బాణీ సంప్రదాయం అని వేశాం. ఎవరి నోట విన్నదో వివరణలో రాశాం.

యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (ఇతరుల వీడియోల్లో మన పాటను గుర్తుపట్టే వ్యవస్థలో) మాత్రం ఆ రెండు పాటలు పెట్టలేదు. అందులో చేర్చాలంటే ఆ హక్కు మనకొక్కరికే ఉండాలి. సంప్రదాయ బాణీ మీద ఆ మాట మనం చెప్పలేం. పైగా ఆ వ్యవస్థ బాణీ పోలికను కూడా పట్టగలదు. రేపు అదే ఊళ్లో ఎవరైనా నాట్ల దగ్గర ఆ బాణీ పాడి వీడియో పెడితే దాని మీద క్లెయిమ్ పడే అవకాశం ఉంది. ఆ దారి మూసేయడమే న్యాయం. దానివల్ల ఆమెకు కొంత రాబడి తగ్గుతుంది. తెలిసే చేసింది.

వంత పాడిన ముగ్గురికీ చట్టంలో ప్రదర్శకుల హక్కు ఉంది, యాభై ఏళ్లపాటు. అందుకని అనుమతి పత్రం తెలుగులో రాసి, చదివి వినిపించి సంతకాలు తీసుకున్నాం, డబ్బు ఆ రోజే ఇచ్చాం, పేర్లు వాళ్లు చెప్పినట్టే క్రెడిట్స్‌లో వేశాం. సంతకం పెట్టే ముందు వాళ్లలో ఒకావిడ, “ఇగ మేము పొలంల గీ పాట పాడుకోవచ్చునా?” అని అడిగింది. పాడుకోవచ్చు అన్న వాక్యాన్ని కూడా అప్పుడే పత్రంలో చేర్చాం. అప్పటి నుంచి జానపద బాణీ ఉన్న ప్రతి ఒప్పందంలో ఆ వాక్యం ముందుగా రాయిస్తున్నాను.